పక్కింటి మగ్గం చప్పుడు

ముప్పై అయిదేళ్లు నేతగాళ్ల వీధుల్లో తిరిగాను. ఎమ్మిగనూరులో నేను తొక్కని మగ్గం గడప లేదు. వీధి మొదట్లో నిలబడి చెవి ఒగ్గితే చాలు, ఏ ఇంట్లో దుప్పటి నేస్తున్నారో, ఏ ఇంట్లో చీర నేస్తున్నారో చెప్పేసేవాణ్ని.

పై మాటల్లో మొదటిది కొంచెం ఎక్కువ. రెండోది చాలా ఎక్కువ. మూడోది పచ్చి అబద్ధం, దాని సంగతి తర్వాత చెబుతాను.

చేనేత సంఘాల్లో ఫీల్డు ఉద్యోగాలకు ఎంపికైన పిల్లలు మొన్న ఆదోనిలో మా ఇంటికి వచ్చారు. అందులో ఒకమ్మాయి అడిగింది, నేతగాళ్లలో ఉత్సాహం పుట్టించడం ఎట్లా సార్ అని. నేను కాలు మీద కాలేసుకుని గంటసేపు చెప్పాను. వాళ్లు రాసుకున్నారు. వాళ్లు పోయాక నాకు ఇంట్లో కాలు నిలవలేదు. వాకిట్లోకి పోయాను, లోపలికి వచ్చాను, మళ్లీ వాకిట్లోకి పోయాను. మా ఆవిడ విసుక్కుని, పారేసుకున్నదేమిటో చెబితే తానూ వెతుకుతానంది. ఆ గంటలో చెప్పినదాంట్లో సగం పనికిరాదు. మిగతా సగం పనికొస్తుంది, అదే ఎక్కువ ప్రమాదం. అందుకే ఇది రాస్తున్నాను.

నా పనిముట్టు

నేను పనిచేసింది ఎమ్మిగనూరులో ఒక చిన్న సొసైటీలో. ఇప్పుడది లేదు. సొసైటీ దారం ఇస్తుంది, నేతగాళ్లు ఇంటికి తీసుకుపోయి గుంట మగ్గం మీద నేసి గుడ్డ తెచ్చిస్తారు. గుంట మగ్గం అంటే తెలుసు కదా, నేలలో గుంట తీసి, అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి తొక్కుతూ నేసేది. నేను సూపర్‌వైజరును. ఇళ్లిళ్లూ తిరిగి గుడ్డ ఎంతవరకు వచ్చిందో చూడాలి, నాణ్యం చూడాలి, తొందరపెట్టాలి.

తొందరపెట్టడానికి నా చేతిలో ఏముంది? వేగంగా నేసినవాడికి బహుమానం ఇవ్వలేను, ఆలస్యం చేసినవాణ్ని శిక్షించలేను. కోప్పడితే నేతగాడు నవ్వి, దారాన్ని అటూ ఇటూ లాక్కుపోయే నాడె పక్కన పెట్టి, టీ తాగడానికి లేచిపోతాడు. ఆ రోజుకు అంతే. నాకున్న పనిముట్టు ఒక్కటే. పక్కింటివాడు.

"ఆయనది అప్పుడే సగం దాటింది చూడన్నా" అంటే చాలు. ఎంత బద్ధకస్తుడైనా సర్దుకుని కూర్చుంటాడు. ఆయనది సగం దాటకపోయినా సరే. నేను దాటించేవాణ్ని.

ఈ విద్య నాకు పుట్టుకతో రాలేదు. మా సెక్రటరీ దగ్గర నేర్చుకున్నాను. ఆయన పొద్దున నన్ను చూడగానే కోడుమూరు వైపు ఉన్న ఒక సొసైటీ సూపర్‌వైజరు పేరెత్తేవాడు. ఆ సూపర్‌వైజరు ఎండనక వాననక తిరుగుతాడట, అన్నం కూడా సైకిల్ మీదే తింటాడట. ఆ మనిషిని చూడకుండానే ఆయన మీద నాకు కక్ష పుట్టింది. ఆయన కోసమే మోపెడ్ కొన్నాను. ఆయన కోసమే మధ్యాహ్నం భోజనం మానేశాను, కడుపులో మంట తెచ్చుకున్నాను.

ఒక శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామి తిరనాళ్లలో సొసైటీలన్నీ గుడ్డల అంగళ్లు పెట్టాయి. కోడుమూరు వాళ్ల అంగట్లో మూటల మీద ఒక పొట్ట మనిషి గురక పెడుతున్నాడు. లేపి, నేను ఫలానా అన్నాను. ఆయన గబుక్కున లేచి కూర్చుని నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నువ్వేనా సామీ? నీ పేరు సెప్పి సెప్పి మా సెక్రటరీ నా పానం తీస్తాండాడు. నువ్వు నిద్రే పోవంట కద."

ఇద్దరం కలిసి ఉగ్గాని, బజ్జీ తిన్నాం. తెలివైనవాడెవడైనా ఆ రోజుతో ఆ పనిముట్టును ఏట్లో పారేసేవాడు. నేను తిరుగు బస్సులో దాన్ని ఇంకా బాగా ఎట్లా వాడాలా అని ఆలోచించుకుంటూ వచ్చాను.

షెడ్డు, ఇల్లు

అయినా ఒక మాట. పోల్చుకోవడమే తప్పని నేను అనను. అట్లా అనేవాళ్లు ఎవరితోనూ పోటీపడి ఎరుగని వాళ్లు, లేదా అందరికంటే ముందున్న వాళ్లు.

నేను చేరిన కొత్తలో సొసైటీకి ఒక షెడ్డు ఉండేది. అందులో మగ్గాలన్నీ వరసగా ఉండేవి. కొత్తగా నేర్చుకునేవాడు పక్కవాడి చేతులు చూస్తూ, వాడితో సమానంగా పోవాలని చూస్తూ నేర్చుకునేవాడు. దానివల్ల ఎవరూ చెడిపోలేదు. ఎందుకంటే పక్కవాడు మొత్తంగా కనపడేవాడు. వాడి నడుము నొప్పి కనపడేది, వాడి దారం తెగడం కనపడేది, వాడు బీడీకి లేచిపోవడం కనపడేది. వాడు ఒక పూట ఎక్కువ నేస్తే, ఆ పూట వాడికి దారం మంచిది దొరికిందని కూడా తెలిసేది.

షెడ్డు కూలిపోయింది. మగ్గాలు ఇళ్లలోకి పోయాయి. అప్పటినుంచి పక్కవాడు కనపడడం మానేసి, వినపడడం మొదలుపెట్టాడు. గోడ అవతలినుంచి చప్పుడొక్కటే వస్తుంది. నడుము నొప్పికి చప్పుడుండదు.

మీ చేతుల్లో ఉన్న ఫోన్లు కూడా నాకు ఆ గోడలాగే కనపడతాయి. ఇంతకంటే దాని గురించి నాకు తెలియదు కాబట్టి ఇక్కడ ఆపుతాను.

హనుమంతు

మా నేతగాళ్లలో ఈరన్న, హనుమంతు ఇళ్లకు మధ్య ఒకే గోడ. ఈరన్నకు అరవై దాటాయి. హనుమంతు నలభైలో ఉన్నాడు. హనుమంతుకు మగ్గం నేర్పింది ఈరన్నే. ఒకప్పుడు ఒక ఇంట్లో కూర వండితే రెండో ఇంటికి గిన్నె పోయేది. నేను వాళ్లిద్దరి మధ్య నా పనిముట్టును బాగా ఆడించాను. ఈరన్న దగ్గరికి పోయి, నీ శిష్యుడు నీకు రెండింతలు నేస్తున్నాడనేవాణ్ని. ఇవతలికి వచ్చి, ముసలాయనే నీకు రెండింతలనేవాణ్ని. ఇద్దరూ బాగా నేశారు. గిన్నె పోవడం ఆగిపోయింది. అది నేను గమనించలేదు.

తర్వాత ఒక ఏడు గుడ్డ అమ్ముడుపోక గోడౌను నిండింది. దారం అందరికీ ఇవ్వలేమని, వేగంగా నేసేవాళ్లకే ఇస్తామని సెక్రటరీ అన్నాడు. ఎవరు వేగమో చెప్పమని నన్ను అడిగాడు. చెప్పాను. హనుమంతుకు దారం వచ్చింది, ఈరన్నకు ఆగిపోయింది. నాలుగు రోజులు ఈరన్న ఇంట్లో చప్పుడు లేదు. తర్వాత మొదలైంది. పట్టణంలో ఒక సావుకారు దారం ఇచ్చాడని ఆయన వీధిలో చెప్పుకున్నాడు. మంచిదే అనుకున్నాను. ఆ సావుకారెవరని నేను అడగలేదు. ఇక హనుమంతు ఇంటికి పోయినప్పుడల్లా గోడ వైపు చెయ్యి చూపించి, వింటున్నావా అనేవాణ్ని.

ఎండాకాలంలో ఒక రోజు హనుమంతు ఇంటికి పోతే, వాకిట్లో ఎర్రమన్ను కుప్ప పోసి ఉంది. ఇల్లు కడుతున్నావా అని అడిగాను. ఆయన మగ్గం మీదినుంచి లేవకుండానే చెప్పాడు.

"ఈ పడుగు అయిపోతానే గుంట పూడుస్తా సార్. బెంగుళూరులో మా బామ్మర్ది వాచ్‌మన్ పని సూసినాడు."

"ఎందుకప్పా? నీకు దారం వస్తాందే."

"దారం వస్తాంది. సేతుల్లోనే పస లేదు." గోడ వైపు తల ఊపాడు. "పొద్దున నాకన్నా ముందు మొదలైతాది. నేను సద్ది తాగేకి లేసినా ఆడ ఆగదు. దారం తెగి నేను అతుక్కుంటా కూకుంటే, ఆడ దెబ్బ మీద దెబ్బ పడతానే ఉంటాది. ఆయనకు అరవై దాటినాయి సార్. ఆయనతోనే గెలవలేకపోతే నేనింక నేతగాన్ని ఎట్లయితా?"

ఆయన భార్య సరోజ నాడెలో పెట్టే దారం కండెలు చుడుతోంది. ఆమె తలెత్తకుండా అంది, పడుకున్నాక కూడా ఈయన కాళ్లు తొక్కుతూనే ఉంటాయని, పక్కన పండుకునేకి లేదని. నవ్వుతూ అందనుకున్నాను. చూస్తే ఆమె నవ్వడం లేదు.

హనుమంతు మాటకు నాకు మొదట కలిగింది గర్వం. నా పనిముట్టు ఇంత పదునా అని. వాకిట్లోకి వచ్చి ఆ మన్ను కుప్ప చూశాక అది దిగిపోయింది. నేత మానేసినవాళ్లను చాలామందిని చూశాను. కూలి గిట్టక మానేశారు, కళ్లు కనపడక మానేశారు. నాకు చేతకాదు అనుకుని మానేసినవాణ్ని, అదీ వీధిలో అందరికంటే బాగా నేసేవాణ్ని, అప్పుడే చూశాను.

ఈరన్న

ఆ తర్వాత జరిగినదాన్ని నేను చాలాచోట్ల ఇట్లా చెప్పాను: వీధిలో నిలబడి చప్పుడు విన్నాను, దెబ్బలో తేడా కనిపెట్టాను, తలుపు తోసుకుని లోపలికి పోయాను. ఒక మీటింగులో చెబితే చప్పట్లు కూడా కొట్టారు.

నేనేమీ కనిపెట్టలేదు. ఈరన్నను కొన్నాళ్లు నిదానంగా నేయమని బతిమాలుకోవడానికి పోయాను.

ఆయన భార్య లక్ష్మమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. నన్ను చూస్తే నీళ్లచెంబు తెచ్చే మనిషి, ఆ రోజు మాత్రం ఆయన పనిలో ఉన్నాడు, సాయంత్రం రమ్మంది. లోపల మగ్గం ఆడుతోంది. రెండు మాటలు చెప్పి పోతానని పక్కగా దూరాను.

ఈరన్న గుంటలో కాళ్లు పెట్టి తొక్కుతున్నాడు. నాడె అటూ ఇటూ పోతోంది. దాని వెనక దారం లేదు. నాడె లోపల ఉండాల్సిన కండె లేదు. పడుగు దారాలు మాత్రం మగ్గానికి ఉన్నాయి, సొసైటీ దారం ఆపేసిన రోజు మిగిలిపోయినవి. వాటి మీద ఒకేచోట దెబ్బ పడి పడి నూగు లేచి, పిల్లి వీపులా ఉంది. గుడ్డ ఒక్క వేలెడు కూడా ముందుకు జరగలేదు.

నన్ను చూసినా ఆయన కాళ్లు ఆపలేదు. దగ్గరికి రమ్మని తలతో సైగ చేశాడు. లక్ష్మమ్మ తలుపు మూసింది.

"సావుకారు లేడు, ఎవురూ లేరు సార్" అన్నాడు మెల్లగా, దెబ్బకూ దెబ్బకూ మధ్య.

మరి తిండెట్లా అని అడిగాను. లక్ష్మమ్మ ఉల్లిగడ్డల చేన్లకు కూలికి పోతోందట. ఊరికే కూర్చోవచ్చు కదన్నా, ఈ కాళ్లనొప్పి ఎందుకు అన్నాను.

"నేను నేర్పినోడు గోడవతల నేస్తాంటే, నాది మూగబోతే ఎట్ల సార్? పొద్దున వాని మగ్గం సప్పుడు ఇంటానే నాకు కాళ్లు నిలవవు. నేసినా నేయకపోయినా తొక్కాల."

అప్పుడు చెప్పాను, నీ చప్పుడు విని హనుమంతు గుంట పూడ్చుకోబోతున్నాడని. ఆయన కాళ్లు ఒక్క క్షణం ఆగాయి. గోడ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

"వాడు నాకు రెండింతలు నేస్తాండాడని మీరే సెప్తిరి. ఇప్పుడు పూడుస్తాండాడని మీరే సెప్తాండారు. నా తాన ఏం పని సేయించుకునేకి సార్, ఈ మాట?"

ఆ ఉద్యోగంలో నేను చెప్పిన మొదటి నిజం అదేనేమో. అది చెల్లలేదు.

పోయేటప్పుడు లక్ష్మమ్మ వాకిలిదాకా వచ్చి, హనుమంతుకు మాత్రం చెప్పొద్దంది. చెబితే ఈయన వీధిలోకి రాడు, ఇంట్లో కూడా ఉండడు అంది. చెప్పనన్నాను.

నా పెద్ద ఆర్డరు

ఆ వారం నేను ఏ ఇంటికి పోయినా కూర్చోలేకపోయాను. హనుమంతు పడుగు రోజురోజుకూ తరిగిపోతోంది. అది అయిపోతే మన్ను గుంటలోకి పోతుంది. చెబితే ఒక ఇల్లు, చెప్పకపోతే ఇంకో ఇల్లు. బస్సులో సీటు దొరికినా నిలబడే ఆదోనికి పోయేవాణ్ని.

నిజంగా దారం పడితే ఈరన్న మగ్గమూ అందరిదానిలా మధ్యమధ్య ఆగుతుంది, ఆ ఆగడం గోడవతలికి వినపడుతుంది అనుకున్నాను. చివరికి నాకు వచ్చిన విద్యే వాడాను. సెక్రటరీ దగ్గరికి పోయి, ఆదోనిలో ఒక పెద్ద అంగడివాళ్లు ఉరుకుంద తిరనాళ్లకు తువ్వాళ్లు అడుగుతున్నారని, ఈరన్న చేతి నేతే కావాలంటున్నారని చెప్పాను. ఏ అంగడి అన్నాడు. పెద్ద అంగడి అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని నన్ను చూశాడు. కోడుమూరు మనిషిని నా మీదికి తోలినవాడు ఆయన, అబద్ధం రుచి తెలియనివాడు కాదు.

"అమ్ముడుపోకపోతే నీ ఇంట్లో పరుసుకో" అని దారానికి సంతకం చేశాడు.

ఆయన్ను నేను చాలా తిట్టుకున్నాను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ. ఆ సంతకం ఒక్కటి ఆయన ఖాతాలో వేయాలి. అంగడి లేదు, ఆర్డరు లేదు. ఆ తువ్వాళ్లను తర్వాత నేనే భుజాన వేసుకుని బంధువుల ఇళ్లకు తిరిగి అంటగట్టాను. మా అల్లుడు ఇప్పటికీ మా ఇంటికి వస్తే తువ్వాల తనే తెచ్చుకుంటాడు, మళ్లీ ఒకటి చేతిలో పెడతానేమోనని.

దారం

ఈరన్నకు దారం ఇచ్చిన మరునాడు పొద్దున్నే ఆ వీధికి పోయాను. ఎదురింటి అరుగు మీద కూర్చుని, వాళ్లు ఆరేసిన దుప్పటి నాణ్యం చూస్తున్నట్టు నటించాను. హనుమంతు మగ్గం ఆడుతోంది. ఈరన్నది మొదలైంది. నాలుగు దెబ్బలు పడి ఆగింది. మళ్లీ రెండు పడ్డాయి, ఆగింది. మళ్లీ ఒకటి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. నెలల తరబడి ఉత్త దెబ్బలకు అరిగిపోయిన పడుగు అది. ఇప్పుడు నిజంగా పేక దారం అడ్డంగా పడి బిగిసేసరికి ఎక్కడికక్కడ పుటుక్కుమంటోంది.

హనుమంతు మగ్గం కూడా ఆగింది. ఆయన బయటికి వచ్చాడు. మన్ను కుప్ప పక్కన నిలబడి గోడ వైపు చెవి పెట్టాడు. లోపలినుంచి ఇంకో రెండు దెబ్బలు, మళ్లీ నిశ్శబ్దం. ఆయన మెల్లగా నడిచి, ఎన్నాళ్లుగానో తొక్కని ఆ గడప దగ్గరికి పోయాడు. నేనూ లేచి వెనకే పోయాను. లక్ష్మమ్మ నా వైపు చూసింది, చెప్పేశావా అన్నట్టు. లేదని తలూపాను.

"ఏమన్నా, తెగుతాందా?" అన్నాడు హనుమంతు గడప బయటినుంచే.

ఈరన్న లోపల్నుంచే చెప్పాడు.

"తెగుతాందప్పా. పోగు పోగూ తెగుతాంది."

హనుమంతు లోపలికి పోయి గుంట పక్కన వంగాడు. "ఇన్ని దినాలూ ఒక్కసారి తెగినట్టు ఇనపడలేదే."

ఈరన్న దారాల మధ్యనుంచి చేతులు బయటికి తీసి, ఒడిలో పెట్టుకున్నాడు.

"ఇన్ని దినాలూ దారం యాడుందప్పా, తెగేకి."

హనుమంతు నూగు లేచిన చోట వేలితో తడిమాడు. గుడ్డ ఎక్కడ ఆగిపోయిందో చూశాడు. కొత్తగా కండె పెట్టిన నాడెను చేతిలోకి తీసుకుని, తిప్పి, కింద పెట్టాడు. తర్వాత నేలమీద చతికిలబడి, తెగిన కొసలు వెతకడం మొదలుపెట్టాడు. ఇద్దరూ తలలు వంచుకుని కొసకు కొస అతుకుతూ చాలాసేపు ఉన్నారు.

"మరి సారు సెప్తాండె కద, నువ్వు నాకు రెండింతలని" అన్నాడు హనుమంతు, దారంలోంచి కళ్లు తీయకుండా.

"నాకూ అదే సెప్పె. నువ్వు నాకు రెండింతలని."

అప్పుడు ఇద్దరూ తలలెత్తి గడపలో ఉన్న నన్ను చూశారు. ఏ ప్రశ్నకైనా నా దగ్గర ఒక పెద్ద అంకె సిద్ధంగా ఉండేది. ఆ పొద్దు వంగి చెప్పులు విప్పుకున్నాను.

"రాండి సార్, లోపలికి" అన్నాడు ఈరన్న. "మీ తాత మగ్గం నేసినాడంటిరి కద. ఆ కొస పట్టుకోండి."

మా తాత ఆదోని స్టేషన్ బయట వేరుసెనక్కాయలు అమ్మేవాడు. నేతగాళ్లు నన్ను తమవాడనుకోవాలని చేరిన కొత్తలో ఆయన్ను మగ్గం ఎక్కించాను. లోపలికి పోయి కూర్చుని, కొస పట్టుకున్నాను. నేను వేసిన ప్రతి ముడీ జారిపోయింది. హనుమంతు ఏమీ అనకుండా నా వెనకే వస్తూ ప్రతిదీ విప్పి మళ్లీ వేశాడు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఆయన గోడవతలికి కేకేశాడు.

"సరోజా, ఆ మన్ను ఎవురికన్నా కావాలేమో అడుగు."

గోడవతలినుంచి ఆమె గొంతు వచ్చింది. "నేనడిగి వాళ్లు ఎత్తుకపోయినాక, మళ్లా రేపు మన్ను తోలియ్యాలంటే నాతో కాదు. బాగా ఆలోసించుకోని సెప్పు."

హనుమంతు నోట్లో రెండు దారం కొసలున్నాయి. గట్టిగా తలూపాడు. గోడవతలికి అది కనపడదు కదా, ఈరన్నే గొంతెత్తి చెప్పాడు.

"ఆలోసించుకునే సెప్తాండాడు లేమ్మా."